మీకు తెలుసా? అర సెకను ఆలస్యానికి దొరికిపోయిన దొంగ!

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉండే ఉంటారు. రాత్రి పదకొండింటికి "బిల్డ్ ఫెయిలైంది" అని తల పట్టుకోవడం, "రేపే డెడ్‌లైన్" అంటూ అన్నం ముందు నుంచి లేచిపోవడం మీరు చూసే ఉంటారు. ప్రోగ్రామర్లు రాసిన వందలాది ఫైళ్లను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి (దీన్నే కంపైల్ చేయడం అంటారు), అన్నింటినీ కలిపి, నడిచే ప్రోగ్రాముగా తయారుచేయడమే బిల్డ్. ఈ బిల్డుల్లో, బగ్గుల్లో, డెడ్‌లైన్లలో దాగున్న వింతలు ఇన్నీ అన్నీ కావు! నాకు నచ్చినవి ఏరి తెచ్చాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫరవాలేదు.

● బిల్డ్ పనిని దానంతటదే చేసిపెట్టే "మేక్" అనే పనిముట్టు ఒకే ఒక్క వారాంతంలో పుట్టింది! 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఒక ప్రోగ్రామర్ తన తప్పును దిద్దుకున్నాడు కానీ, దిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయడం మరిచిపోయి, లేని తప్పు కోసం పొద్దుటి పూటంతా వెతికాడు. అతని విసుగు చూసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్, ఏ ఫైలు మారిందో కనిపెట్టి దానికి సంబంధించినవే మళ్లీ కంపైల్ చేసే మేక్‌ను ఆ శని ఆదివారాల్లోనే తయారుచేశారు. ఇప్పటికీ అది లక్షల కంప్యూటర్లలో నడుస్తూనే ఉంది!

● అదే మేక్‌లో ఇంకో వింత! దాని ఫైల్లో ఆజ్ఞ రాసే ప్రతి లైనూ ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. ట్యాబ్ బదులు ఎనిమిది స్పేసులు కొట్టారనుకోండి, కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, బిల్డ్ మాత్రం ఆగిపోతుంది! ఇది ఇబ్బందేనని ఫెల్డ్‌మన్‌కు కొద్ది వారాల్లోనే తెలిసింది. కానీ అప్పటికే ఓ డజను మంది దాన్ని వాడుతున్నారు, వాళ్లలో చాలామంది స్నేహితులే. వాళ్ల ఫైళ్లు చెడిపోతాయని ఆ నియమాన్ని అలాగే ఉంచేశారు. పన్నెండు మందికి ఇబ్బంది కలగకూడదని చేసిన ఆ పని, దాదాపు యాభై ఏళ్లుగా లోకంలోని ప్రోగ్రామర్లందరి చేతా ట్యాబ్ కొట్టిస్తోంది! మేక్‌కు 2003లో పెద్ద పురస్కారమే దక్కింది, ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం వారి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు.

● తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతటా ఐఫోన్లను కూల్చేసిందని మీకు తెలుసా? 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" ఉన్న ఒక మెసేజ్ వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడిపోయేది! మామూలుగా మనం టైపు చేసే జ్ఞా కాదు సుమా. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనిపించని ఒక "అతకవద్దు" గుర్తు, ఆపైన దీర్ఘం, ఇలా ఐదు సంకేతాలు ఒక వరుసలో రావాలి. ఆ వరుసను తెరమీద గీయబోయి ఫోను తికమకపడేది. వాచీలూ మ్యాక్ కంప్యూటర్లూ కూడా దానికి బలే! కంపెనీ వారు ఫిబ్రవరి 19న 11.2.6 అనే కొత్త వెర్షన్ విడుదల చేసి సరిదిద్దారు. అప్పటిదాకా తెలుగు లిపి పేరే వినని దేశాల్లో సైతం ఆ వారం మన అక్షరం వార్తల్లోకెక్కింది!

● సరే, ఒక చిక్కు ప్రశ్న. "స్త్రీ" ఎన్ని అక్షరాలు? ఒకటే అంటారు కదూ! కంప్యూటర్‌ను అడిగితే ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కొక్క దానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు పడతాయి, ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు! పేరు గడిలో "20 అక్షరాలకు మించరాదు" అని రాసిన ప్రోగ్రామర్ అక్షరాలు లెక్కపెట్టాడా, సంకేతాలు లెక్కపెట్టాడా, బైట్లు లెక్కపెట్టాడా అన్నదాన్ని బట్టి మన పేరు పూర్తిగా పట్టడమో సగంలో తెగడమో జరుగుతుంది.

● అలాంటిదే మరొకటి: ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70 సంకేతాలే! ఇంగ్లీషు అక్షరాలు ఏడేసి బిట్లలో సర్దుకుంటే, మన లిపికి పదహారేసి బిట్లు కావాలి మరి.

● అర సెకను. అవును, ఒకే ఒక్క అర సెకను ఆలస్యం ప్రపంచంలోని సర్వర్లను పెద్ద దొంగతనం నుంచి కాపాడింది! 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డేటాబేస్ వేగం కొలుచుకుంటూ ఉండగా, సర్వర్‌లోకి లాగిన్ అవడానికి మునుపు 0.299 సెకన్లు పట్టేది కాస్తా 0.807 సెకన్లు పడుతోందని గమనించారు. మనమైతే ఏం చేస్తాం? నెట్ నెమ్మదిగా ఉందనుకుని వదిలేస్తాం. ఆయన వదల్లేదు! తవ్వుకుంటూ పోతే "ఎక్స్‌జెడ్" అనే, ఫైళ్లను కుదించే మామూలు ప్రోగ్రాములో ఒక దొడ్డిదారి బయటపడింది. మారుపేరుతో వచ్చిన ఎవరో రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, దాన్ని అక్కడ పెట్టారు.

మరి అంతమంది కళ్లబడకుండా ఎలా దాచారు? ఇదే అసలు వింత! అందరూ చదివే కోడ్‌లో అది లేనే లేదు. పరీక్ష కోసం ఉంచినట్టు కనిపించే చెడిపోయిన ఫైళ్లలో విషాన్ని పెట్టి, విడుదల చేసే మూటలో ఉండే బిల్డ్ స్క్రిప్టులో మాత్రం దాన్ని బయటికి లాగే లైన్లు చేర్చారు. బిల్డ్ జరిగేటప్పుడే దొంగ పుడతాడన్నమాట! మార్చి 29న ఆండ్రెస్ ఆ సంగతి లోకానికి చెప్పారు.

● 11 లైన్లు మాయమైతే ఏమవుతుంది? 2016 మార్చి 22న ప్రపంచం చూసింది! "లెఫ్ట్‌ప్యాడ్" అనే చిట్టి ప్రోగ్రాము చేసే పనల్లా ఒక పదానికి ఎడమ పక్కన ఖాళీలు చేర్చడం. ఒక పేరు విషయంలో వచ్చిన తగాదాలో దాని రచయిత తన ప్రోగ్రాములు 250కి పైగా ఒక్కసారిగా తీసేసుకున్నారు. అంతే, దానిమీద ఆధారపడ్డ ప్రోగ్రాములు, వాటిమీద ఆధారపడ్డ ప్రోగ్రాములు... వేలాది బిల్డులు వరసగా కుప్పకూలాయి! దాదాపు రెండున్నర గంటల తర్వాత ఆ 11 లైన్లను తిరిగి పెట్టాకే అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

● చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్ ప్రోగ్రామును టైపు చేసి కాదు, చేత్తో అల్లి ఎక్కించారు! అమెరికాలోని వాల్తమ్ ఊళ్లో రేథియాన్ ఫ్యాక్టరీలో మహిళలు సూదితో సన్నటి రాగి తీగను చిట్టి అయస్కాంత వలయాల మధ్య నడిపేవారు. తీగ వలయంలోంచి దూరితే 1, పక్కనుంచి పోతే 0. పోచంపల్లి మగ్గం మీద ఒక్క పోగు తప్పితే చీర అంచులో తేడా కనిపించినట్టే, ఒక్క తీగ దారి తప్పితే ప్రోగ్రాములో తప్పు దొర్లేది. అల్లడానికి వారాల తరబడి పట్టేది కాబట్టి ప్రయాణానికి ఎంతో ముందే ప్రోగ్రామును ఖరారు చేయాల్సి వచ్చేది. "ఆఖరి నిమిషంలో చిన్న మార్పు" అన్న మాటకు అక్కడ తావే లేదు! ఇంత చేసి అందులో పట్టిందెంత? సుమారు 72 కిలోబైట్లు. ఈరోజు మీ ఫోనులో తీసే ఒక్క ఫొటో అంతకు నలభై రెట్లు ఉంటుంది!

● ఒక చిన్న గీత లేకపోయేసరికి 1 కోటీ 85 లక్షల డాలర్ల వ్యోమనౌక పేలిపోయింది! 1962 జూలై 22న శుక్రగ్రహానికి బయల్దేరిన మారినర్-1 దారి తప్పడంతో 293 సెకన్లకే దాన్ని కావాలనే పేల్చేయాల్సి వచ్చింది. లెక్కల్లో ఒక అక్షరం నెత్తిన ఉండాల్సిన అడ్డగీతను ప్రోగ్రాములోకి ఎత్తి రాసేటప్పుడు వదిలేశారు.

● అంతకంటే వింత ఏరియాన్-5 రాకెట్‌ది! 1996 జూన్ 4న ఎగిరిన సుమారు 40 సెకన్లకే ముక్కలైపోయింది. 32,767 దాటిన సంఖ్య పట్టని గడిలోకి అంతకన్నా పెద్ద సంఖ్యను కుక్కబోవడమే కారణం. ఆ కోడ్ పాత ఏరియాన్-4 నుంచి తెచ్చింది. పాత రాకెట్ అంత వేగంగా పోయేది కాదు గనుక అక్కడ ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇంకా చోద్యమేమిటంటే, ఆ లెక్క రాకెట్ నేల విడిచాక ఎందుకూ పనికిరాదు! అత్యవసరానికని రెండో కంప్యూటర్ కూడా పెట్టారు కదా అంటారా? అందులోనూ అదే ప్రోగ్రాము. మొదటిదానికంటే ఓ కన్నుమూతపాటు ముందే అది కూడా ఆగిపోయింది! రాకెట్‌తో పాటు నాలుగు ఉపగ్రహాలూ పోయాయి.

● 1999లో అంగారకుడి మీదుగా 226 కిలోమీటర్ల ఎత్తులో సాగాల్సిన నౌక 57 కిలోమీటర్లకు దిగిపోయి నాశనమైంది! ఒక బృందం పౌండ్లలో లెక్క పంపితే ఇంకో బృందం న్యూటన్లలో అనుకుంది, తేడా 4.45 రెట్లు.

● ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త ప్రోగ్రాము వేసి ఎనిమిదోదాన్ని మరిచిపోతే ఎంత ఖర్చవుతుంది? 46 కోట్ల డాలర్లు! 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల కంపెనీలో ఇదే జరిగింది. 2003 నుంచి వాడకుండా మూల పడేసిన పాత కోడ్ ఆ ఎనిమిదో సర్వర్‌లో నిద్రలేచి, ఎడాపెడా షేర్లు కొనడం, అమ్మడం మొదలుపెట్టింది. అలా 45 నిమిషాలు సాగింది. అంటే నిమిషానికి కోటి డాలర్ల పైచిలుకు!

● మొన్నమొన్నటి సంగతి! 2024 జూలై 19న, మన టైము ప్రకారం ఉదయం 9:39కి విడుదలైన ఒక భద్రతా ఫైలు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెరతో నిలబెట్టేసింది. ఒక చోట 21 విలువలు వస్తాయని రాసుకుంటే, అందినవి 20 మాత్రమే. లేని ఇరవై ఒకటో దానికోసం వెతకబోయి కంప్యూటర్లు పడిపోయాయి! తప్పును 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, పడినవాటిని చాలా వరకు మనుషులు ఒక్కొక్కటిగా లేపాల్సి వచ్చింది. ఆ రోజు శంషాబాద్ నుంచి కలకత్తా వెళ్లే ప్రయాణికుడికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాసు చేతికిచ్చారు, ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు!

● ఈమెయిల్ 500 మైళ్లు దాటి వెళ్లనని మొరాయించిన కథ విన్నారా? 1990లలో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ వ్యవస్థను చూసుకునే ట్రే హారిస్ చెప్పిన అనుభవం ఇది. గణాంక శాఖవాళ్లు "మా మెయిళ్లు 500 మైళ్ల లోపుకే వెళ్తున్నాయి, ఆపైకి పోవడం లేదు" అన్నారట. నమ్మశక్యంగా ఉందా? కానీ పరీక్షిస్తే నిజమే! మెయిల్ పంపే ప్రోగ్రాము తెలియకుండా పాత వెర్షన్‌కు మారిపోయి, అవతలి యంత్రం జవాబు కోసం ఎదురుచూసే గడువు సున్నా అయిపోయింది. ఆ యంత్రంలో సున్నా అంటే సుమారు 3 మిల్లీసెకన్లు. 3 మిల్లీసెకన్లలో కాంతి ఎంత దూరం పోతుంది? దాదాపు 900 కిలోమీటర్లు, అంటే 560 మైళ్లు! హైదరాబాద్‌లో అలాంటి సర్వర్ ఉంటే విజయవాడకు మెయిల్ చేరేది, ఢిల్లీకి చేరేది కాదు.

● పాతకాలం ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాము మీద స్కెచ్ పెన్నుతో ఏటవాలుగా ఒక గీత గీసేవారు! అప్పట్లో ప్రోగ్రామంటే చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్ట, ఒక లైనుకు ఒక అట్ట, ఒక పెట్టెకు 2,000 అట్టలు. పెట్టె చేయిజారి కింద పడిందా, వరస తప్పి గంటల పని! కట్ట పక్కవైపు ఏటవాలు గీత ఉంటే, ఆ గీత మళ్లీ తిన్నగా కుదిరేలా పేర్చుకుంటే సరిపోయేది. ఒక్కో అట్టకు 80 నిలువు వరసలు ఉండేవి. అట్టలు పోయి దశాబ్దాలైనా, ఒక లైను 80 అక్షరాలు దాటకూడదన్న అలవాటు నేటి ప్రోగ్రామర్లలో ఇంకా పోలేదు.

● ఒక బృందం తమ ప్రాజెక్టు రెండేళ్లలో అవుతుందనుకుంది. పట్టింది ఎనిమిదేళ్లు! ఆ బృందంలో ఉన్నది ఎవరనుకున్నారు? మనుషులు అంచనాల్లో ఎలా పొరబడతారో పరిశోధించి, తర్వాత నోబెల్ అందుకున్న డేనియల్ కానమన్! 1970లలో ఇజ్రాయెల్‌లో బడిపిల్లలకు పాఠ్యపుస్తకం రాసే పని అది. పుస్తకం పూర్తయ్యాక ఎవరూ వాడనే లేదు. పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేసుకునే ఈ జబ్బుకు ఆయనా, తోటి పరిశోధకుడు ఏమస్ ట్వెర్‌స్కీ కలిసి "ప్లానింగ్ ఫాలసీ" అని 1979లో పేరుపెట్టారు.

● ఆ జబ్బును కొలిచారు కూడా! 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులు అన్నారు. "అన్నీ అడ్డం తిరిగితే?" అంటే 48.6 రోజులు అన్నారు. తీరా పట్టింది 55.5 రోజులు! అంటే వాళ్లు ఊహించుకున్న అధ్వాన్నపు రోజుల కన్నా అసలు బతుకు దాదాపు ఇంకో వారం ఎక్కువ తీసుకుంది. నేను చూసిన అంకెల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే. "సోమవారానికి అయిపోతుంది సార్" అన్న మాట అబద్ధం కాదనీ, మనసారా నమ్మి చెప్పేదేననీ ఈ మూడు అంకెలు చెబుతాయి.

● ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని పెంచితే ఇంకా ఆలస్యమవుతుంది! ఐబీఎంలో ఓఎస్/360 అనే మహా ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన పుస్తకంలో చెప్పిన మాట ఇది. లెక్క చూడండి: ఐదుగురుంటే వాళ్ల మధ్య మాట్లాడుకునే జతలు 10, పదిమందైతే 45, యాభై మందైతే 1,225! మనుషులు పదింతలైతే మాటలు నూట ఇరవై రెండింతలు. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పేది కూడా పాతవాళ్లే కదా, వాళ్ల పని అక్కడ ఆగుతుంది.

● 90 శాతం కోడ్ రాయడానికి 90 శాతం సమయం పడుతుంది, మిగిలిన 10 శాతం రాయడానికి ఇంకో 90 శాతం! బెల్ ల్యాబ్స్‌కు చెందిన టామ్ కార్గిల్ లెక్క ఇది. కూడితే 180 శాతం అవుతుందని మీకు అనుమానం వచ్చిందా? సరిగ్గా అదే ఆయన చెప్పదలచుకున్నది!

● ఒక విమానాశ్రయం మొత్తం సిద్ధమై కూడా 16 నెలలు తాళం వేసి ఉంది! డెన్వర్‌లో సామాన్లను వాటంతటవే మోసే వ్యవస్థ తయారు కాలేదు. 1993 అక్టోబరులో తెరవాల్సింది 1995 ఫిబ్రవరి 28న తెరిచారు, ఖాళీగా ఉంచినందుకే రోజుకు పది లక్షల డాలర్లకు పైగా ఖర్చు! మధ్యలో 1994లో విలేకరులను పిలిచి చూపించబోతే, బండ్లు సూట్‌కేసులను నలిపి, చించి, గాల్లోకి విసిరేశాయి. చివరికి 2005లో ఆ వ్యవస్థను వదిలేసి మనుషులే మోయడం మొదలుపెట్టారు.

● "డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్" అనే వీడియో గేమ్‌ను 1997లో ప్రకటించి 2011లో విడుదల చేశారు. ప్రకటన రోజున పుట్టిన పిల్లాడు విడుదల నాటికి తొమ్మిదో తరగతి ఈడుకు వచ్చాడు! గ్నూ ప్రాజెక్టు వాళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాస్తున్న "హర్డ్" అయితే 1990లో మొదలైంది, 1.0 వెర్షన్ ఇంకా రానే లేదు.

● దీనికి పూర్తిగా రివర్స్! నేడు ప్రపంచంలో కోడ్ భద్రపరిచేవాళ్లలో అత్యధికులు వాడే "గిట్" తన కోడ్‌ను తానే దాచుకునే స్థాయికి నాలుగు రోజుల్లో వచ్చేసింది. లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్ 3న రాయడం మొదలుపెట్టారు, 7కల్లా గిట్ కోడ్ గిట్‌లోనే ఉంది! గిట్‌లో చేసే ప్రతి మార్పుకూ 40 అంకెల-అక్షరాల పేరొకటి వస్తుంది. మనకు సాధారణంగా కనిపించే మొదటి ఏడింటితోనే 26 కోట్ల 84 లక్షల రకాల పేర్లు పెట్టొచ్చు.

● విండోస్ కోడ్ మొత్తాన్ని గిట్‌లో పెడితే 35 లక్షల ఫైళ్లు, 300 జీబీ! మొదట్లో ఒక ఇంజనీరు దాన్ని తన కంప్యూటర్‌లోకి దించుకోవాలంటే 12 గంటలకు పైగా పట్టేది, "నేనేం మార్చాను?" అని అడిగితే జవాబు రావడానికి పది నిమిషాలు. 2017 నాటికి, అవసరమైన ఫైళ్లను అడిగినప్పుడే తెచ్చే ఉపాయం చేసి ఆ పది నిమిషాలను నాలుగైదు సెకన్లకు దించారు. అప్పటికి విండోస్ తయారుచేసే సంస్థ పగ్గాలు మన హైదరాబాదీ సత్య నాదెళ్ల చేతిలో ఉన్నాయి.

● గూగుల్ వాళ్లు తమ కోడ్‌లో అధికభాగాన్ని ఒకే కొట్టులో పెట్టుకున్నారు. 2015 జనవరి లెక్క ప్రకారం అందులో 200 కోట్ల లైన్లు! పేజీకి 50 లైన్ల చొప్పున అచ్చువేసి 400 పేజీల పుస్తకాలుగా కుడితే లక్ష పుస్తకాలవుతాయి. పాతిక వేలమంది ఇంజనీర్లు రోజుకు 16,000 మార్పులు అందులో చేసేవారు, యంత్రాలు వాటంతటవి చేసేవి మరో 24,000!

● మీ ఫోనులో తప్పకుండా ఉండే "ఎస్‌క్యూలైట్" అనే చిన్న డేటాబేస్‌కు, అసలు కోడ్ కంటే దాన్ని పరీక్షించే కోడ్ సుమారు 590 రెట్లు ఎక్కువ! అందుకే కాంటాక్టులూ మెసేజ్‌లూ అంత భద్రంగా ఉంటున్నాయి.

● "బిల్డ్‌ను పాడుచేసింది మళ్లీ నువ్వేనా?" అన్న మాట తప్పించుకోవడానికి ఒకాయన ఏకంగా ఒక ప్రసిద్ధ పనిముట్టునే తయారుచేశారు! 2004లో కోసుకే కవాగుచి, తన కోడ్ పదిమందిలోకి వెళ్లే ముందే పరీక్ష జరగాలని రాసుకున్న ప్రోగ్రామే నేడు "జెంకిన్స్" పేరుతో లోకమంతా వాడుతున్నది.

● 1900 ఫిబ్రవరి 29 అనే తేదీ చరిత్రలో లేదు, ఎక్సెల్‌లో మాత్రం ఉంది! లోటస్ అనే పాత ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరంగా పొరబడింది. దాని ఫైళ్లు ఎక్సెల్‌లో సరిగ్గా తెరుచుకోవాలని ఆ తప్పును కూడా తెలిసే దింపుకున్నారు. ఇప్పుడు దిద్దితే కోట్లాది షీట్లలో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి, అందుకే ముట్టుకోవడం లేదు.

● ఎక్సెల్ కోసం మనిషి జన్యువుల పేర్లే మార్చారు! "మార్చ్1", "సెప్ట్1" అనే జన్యువుల పేర్లు టైపు చేస్తే ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 1 తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ జాబితాలు జతచేసిన జన్యుశాస్త్ర పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదోవంతుకు ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020 నాటికి 27 జన్యువులకు కొత్త పేర్లు వచ్చాయి.

● కంప్యూటర్‌ను 0.1కి 0.2 కలపమని అడిగి చూడండి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.30000000000000004 అంటుంది! సున్నాలూ ఒకట్లలో 0.1 ఎంత రాసినా తెగదు, మనకు ఒకటిని మూడుతో భాగిస్తే తెగనట్టే.

● ఎన్ని తప్పులు దిద్దినా ఎప్పటికీ పూర్తికాని వెర్షన్ నంబరు ఒకటుంది! అచ్చు కూర్పుకోసం డొనాల్డ్ క్నూత్ రాసిన "టెక్" నంబరు ప్రతి కొత్త విడుదలకూ గణితంలోని "పై" విలువకు ఒక్క అంకె దగ్గరవుతుంది. 2021లో అది 3.141592653 అయింది. తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి ఆయన ఇచ్చే బహుమతి 2.56 డాలర్లు, ఎందుకంటే 256 కంప్యూటర్లవాళ్ల ముద్దుల సంఖ్య! 2008 దాకా ఆయన ఇచ్చిన ఆ చెక్కును బ్యాంకులో వేసుకోకుండా ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నవాళ్లే ఎక్కువ.

● సంవత్సరానికి రెండంకెలే కేటాయించిన పాత అలవాటు హైదరాబాద్‌లోని అమీర్‌పేట వీధుల రూపు మార్చింది! 1999 తర్వాత "00" వస్తే కంప్యూటర్లు 1900 అనుకుంటాయన్న భయంతో లోకమంతా కోబాల్ భాషలో రాసిన పాత ప్రోగ్రాములు దిద్దించుకుంది. ఆ పనికి మనుషులు కావాలి. మైత్రివనం చుట్టుపక్కల ఇరుకు మెట్ల పైన ఇనుప కుర్చీల గదుల్లో కోబాల్ నేర్చుకున్న మన కుర్రకారు విమానాలెక్కింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది కూడా ఆ హడావిడి రోజుల్లోనే, 1998 నవంబరు 22న. ఈరోజు అమీర్‌పేట మెట్రో దిగితే చేతిలో పెట్టే కరపత్రాల మీద కోబాల్ పోయి పైథాన్, డెవాప్స్ వచ్చాయి.

● 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న కంప్యూటర్‌కు రిపేరు చేయగలరా? 2024 ఏప్రిల్ 18న చేశారు! 1977లో ఎగిరిన వోయేజర్-1లో ఒక చిప్పు చెడి, ఐదు నెలలుగా అర్థంలేని సంకేతాలు పంపుతోంది. చెడిన చిప్పులోని కోడ్ మొత్తానికి ఇంకెక్కడా ఒకేచోట స్థలం లేకపోవడంతో, దాన్ని ముక్కలు చేసి ఖాళీ ఉన్న చోటల్లా సర్దారు. ఆజ్ఞ చేరడానికి 22 గంటల 30 నిమిషాలు, జవాబు రావడానికి ఇంకో అంత. "పనిచేసిందా లేదా" తెలుసుకోవడానికి రెండు రోజులు కూర్చోవాలి. పనిచేసింది!

● బగ్ దొరక్కపోతే బాతుబొమ్మతో మాట్లాడండి! 1999లో వచ్చిన "ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్" పుస్తకంలో చెప్పిన ఈ కిటుకును ప్రపంచమంతా పాటిస్తున్నారు. కోడ్‌ను లైను లైనుగా బొమ్మకు వివరిస్తూ పోతుంటే, సగంలోనే తప్పు ఎక్కడుందో నోటికి వచ్చేస్తుంది.

● సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పేకాట కూడా పనిలో భాగమే! "ప్లానింగ్ పోకర్"లో ఒక పనికి ఎంత శ్రమ పడుతుందో అందరూ ఒకేసారి ముక్క తిప్పి చూపాలి, పెద్దవాళ్లు చెప్పిందే చిన్నవాళ్లు అనకుండా ఉండటానికి! ముక్కల మీద 1, 2, 3, 5, 8, 13, 20, 40, 100 ఉంటాయి. 13కీ 20కీ మధ్య ఏమీ ఉండదు, ఎందుకంటే పని పెద్దదయ్యేకొద్దీ "పదహారా, పదిహేడా" అన్న వాదనకు అర్థం ఉండదు. జేమ్స్ గ్రెనింగ్ 2002లో మొదలుపెట్టిన ఈ ఆటలో ఒకరు 3, ఇంకొకరు 40 చూపితే మరీ మంచిది. ఆ ఇద్దరిలో ఒకరికి మాత్రమే తెలిసిన సంగతి ఏదో ఉందన్నమాట, అది అక్కడికక్కడే బయటపడుతుంది!

● ఇక ఈ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి: 2038 జనవరి 19, మంగళవారం, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు! 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్న పాత 32 బిట్ల కంప్యూటర్లలో ఆ క్షణానికి గడి నిండిపోతుంది, 2,147,483,647 దాటాక తర్వాతి సెకను 1901 డిసెంబరు అయిపోతుంది. కొత్త ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ 64 బిట్ల గడి వచ్చేసింది గనుక వాటికి ఢోకా లేదు, అందులో 29 వేల కోట్ల సంవత్సరాలకు సరిపడా సెకన్లు పడతాయి. ఎటొచ్చీ గోడల్లో, మీటర్లలో, పాత యంత్రాల్లో ఏళ్ల తరబడి ముట్టుకోకుండా నడుస్తున్న చిన్న చిన్న కంప్యూటర్లనే వెతికి మార్చాలి. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లల్లో ఎంతమందికి ఆ పని దొరుకుతుందో ఊహించగలరా?